కొస దాకా రాని అణువు

ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్లు భరించి దండం పెట్టింది. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో దోశల బండి పెట్టుకున్నాను. అయినా నాకూ ఫిజిక్స్ చెప్పినవాడు ఒకడున్నాడు, పోచంపల్లి నుంచి వచ్చి రోజూ నా బండి దగ్గరే తినే పరిశోధక విద్యార్థి. మాట్లాడుతున్నంతసేపూ అరచెయ్యి తిప్పుతూనే ఉండేవాడు.

"అన్నా, గీ అణువుకు ఒక కొస ప్లస్, ఇంకో కొస మైనస్. గాలి లేని గొట్టంల వరుసగ పోతుంటయి. మేం ఎలక్ట్రిక్ ఫీల్డును అటిటు ఊపుతం. ఆ ఊపు దానికి సరిగ్గ కుదిరిందనుకో, తిరుగుతది," అని అరచెయ్యి బోర్లించేవాడు. "తిరిగింది వరుసల నిలువది, కొస దాక రాదు. కొసకు వచ్చేటివి ఎన్ని తగ్గినయో చూసే, ఏ ఊపుకు తిరిగినయో కనిపెడతం."

"నా దోశ గట్ల తిరిగి ప్లేట్లకు రాకుంటె గిరాకీ కొడతడు తమ్మీ," అన్నాను.

ఉద్యమం రోజులవి. రోజూ బండి ముందు నుంచే ఊరేగింపులు పోయేవి. అతడు తలెత్తేవాడు కాదు. ఒకనాడు ఎల్బీనగర్ వైపు పోతున్న గుంపులోంచి ఏ నినాదం తగిలిందో, సగం దోశ వదిలేసి లేచాడు. అరచెయ్యి గాల్లో ఊపుతూ వాళ్లలో కలిసిపోయాడు. చౌరస్తాలో లాఠీచార్జి అయిందన్నారు. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు.

ఇప్పటికీ గుంపు పోతుంటే నేను చేతులే చూస్తాను.

రాష్ట్రం వచ్చాక అతని తల్లి చీరల మూటతో కొడుకు తినే బండి ఇదేనని వెతుక్కుంటూ వచ్చి, అతని గురించి అడిగింది. కాస్త నవ్విద్దామని, "పెద్ద సైంటిస్టయి మనల్ని మర్చిపోయిండేమో అమ్మా," అన్నాను.

"మర్చిపోతె మంచిదే బిడ్డా," అన్నది. "మర్చిపోవాలన్నా బతికుండాలె గద."