సిపాయి కోటుకు బ్యాండు కొలత

కిందటి చలికాలం బర్ దుబాయ్‌లో ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి ఒక దర్జీ కొట్టుకి వెళ్లాను. దర్జీ మల్లేశం జగిత్యాల వైపు మనిషి. ఆయన బల్ల మీద ముదురు నీలం కోటు ఒకటి పరిచి ఉంది. రొమ్ము నిండా అడ్డంగా బంగారు రంగు తాళ్లు, వరసగా ఇత్తడి గుండీలు.

"పెళ్లి బ్యాండు వాళ్లదా?" అన్నాను.

"నేను గూడ గట్లనే అనుకున్న సార్. కాదట. రెండు వందల ఏండ్ల కింద గుర్రాల మీద లడాయి చేసిన ఫ్రాన్సు సిపాయిలదట. ఒక ఫ్రెంచి సాబ్ కుట్టిస్తుండు. వాళ్ల దోస్తులంత ఏడాదికొక్కపారి జమయ్యి ఉత్తుత్తి లడాయి చేస్తరట."

ఇంత సింగారించుకుని చావడానికి వెళ్లేవారా అని నాకు నవ్వొచ్చింది. మల్లేశం నవ్వలేదు. సాబ్ నమూనాకిచ్చిన పాత కోటు చంకల దగ్గర చినిగి ఉందట. కొత్తదీ అచ్చం ఆ కొలతలకే కుట్టమన్నాడట. ఈయన మాత్రం చెప్పాపెట్టకుండా చంకల కింద చెరో ముక్క అతికి వదులు చేశాడు.

"సాబ్ ఒప్పుకోకుంటే గుడ్డంత ఖలాస్ సార్," అన్నాడు.

అంతలో ఆ సాబే వచ్చాడు. కోటు తొడుక్కుని, లేని కత్తి దూసి చెయ్యి పైకెత్తాడు. ఎక్కడా బిగుసుకోలేదు. నమ్మకం కుదరక మళ్లీ ఎత్తాడు. కత్తి దూసేవాడి కొలత నీకెలా తెలుసని ఇంగ్లీషులో అడిగాడు.

"ఎక్స్‌పీరియన్స్ సార్," అన్నాడు మల్లేశం.

సాబ్ వెళ్లాక నా ప్యాంటు అందుకుంటూ అన్నాడు: "కత్తుల సంగతి నాకేం ఎరుక సార్. ఊర్ల బ్యాండోళ్లకు కుట్టిన. బూర ఊదెటోనికి చెయ్యి లేవాలె గద."