మరియమ్మ పడవ కథ ఆగిపోయిన రోజు

మావారి మాట పోయింది మరియమాత ఉత్సవం రోజునే. ముమ్మిడివరం దగ్గర మా గుడికి ఆయన ఉపదేశి, ఫాదరుగారు లేనప్పుడు ప్రార్థనలు నడిపేది ఆయనే. ఏటా ఉత్సవంలో గుడి చరిత్ర చెప్పేది ఆయనే. పూర్వం ఒక విదేశీ ఫాదరుగారు మరియమ్మ స్వరూపాన్ని పడవలో తెస్తుంటే కాలవ బురదలో పడవ కూరుకుపోయిందట. కూలికొచ్చిన ఆడవాళ్ళు నడుంలోతు బురదలో దిగి, స్వరూపాన్ని భుజాన మోసి గట్టెక్కించారట. అక్కడే తాటాకు పాక వేసి గుడి అన్నారు. ఆ ఆడవాళ్ళలో ఒకావిడ మావారి నాయనమ్మ. ఇదెక్కడా రాసి లేదు, ఆవిడ నోట ఆయన విన్నదే.

ఆ ఏడు మైకులో "ఆడోళ్ళు నీళ్ళలోకి దిగేరండి" అని ఆగిపోయారు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు, కళ్ళ వెంట నీళ్ళు. జనం చేతులు జోడించారు. నేను లేవబోతే పక్కావిడ కూర్చోబెట్టింది.

"అమ్మ ముట్టుకుందండీ ఆయన్ని. కదపకండి."

జపమాల అందుకున్నారు. తర్వాత పూజ. అంతా అయ్యాక చూస్తే ఆయన కుడిచెయ్యి వేలాడిపోతోంది.

అమలాపురంలో సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్ అండి. విండో పీరియడ్ దాటిపోయింది. వెంటనే తెచ్చుంటే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం" అన్నారు డాక్టరుగారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఫిజియోథెరపీతో చెయ్యి కొంత లేచింది. మాట రాలేదు. "అఫేసియా అమ్మా. ఆయనకి అన్నీ తెలుసు, మాట దొరకదు" అన్నారు డాక్టరుగారు. ఒకరోజు స్పీచ్ థెరపీలో, జపమాలలో పదేపదే చెప్పే మంగళవార్త జపం తడుముకోకుండా చెప్పేశారు. నేను ఆనందంతో ఏడ్చేశాను. థెరపిస్టు మెల్లగా చెప్పింది, "అలవాటైన ప్రార్థనలు వాటంతటవే వచ్చేస్తాయండి. మాట వచ్చినట్టు కాదు." నిజమే. మంచినీళ్ళు కావాలన్నా ఆయన నోట జపమే వస్తుంది. మధ్యలో ఫిట్స్ వచ్చి కొన్నాళ్ళు ఐసీయూలో ఉన్నారు. ఆ తర్వాత థెరపీ ముందుకు సాగలేదు.

ఈ ఏడు చరిత్ర కొత్త ఉపదేశిగారు చెప్పారు. చక్కగానే చెప్పారు. "అమ్మ మహిమండీ, పడవ దానంతటదే ఒడ్డుకొచ్చేసింది" అన్నారు. కూలి ఆడవాళ్ళ ఊసే లేదు. మావారు లేచి నిలబడి, ఎడమచెయ్యి అడ్డంగా ఊపుతూ అరిచారు. నోట వచ్చింది మంగళవార్తే. జనమంతా భక్తిగా ఆయనతో గొంతు కలిపారు. ఆయన కూలబడి ఏడ్చారు. నాకు ఒళ్ళు మండింది, ఎవరిమీదో తెలియలేదు. తర్వాత ఉపదేశిగారికి అసలు సంగతి చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నారు. అంతే.

చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మీ మనిషికి హఠాత్తుగా మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పూజ ముగిసేదాకా ఆగకండి. మధ్యలో లేచి వెళ్ళినందుకు మరియమ్మ ఏమీ అనుకోదు.