వియ్యంకుడికి ఇవ్వని మందు

మా నాయనమ్మ ఇంద్రజ మనిషి పొట్ట నొక్కి, వాళ్ల ముత్తాత ఏం తిని పోయాడో చెప్పేయగలదు. న్యూజెర్సీ మొత్తంలో ఈ విద్య ఇంకెవరికీ రాదు. ఆవిడ ఒప్పుకోదు గానీ, మా ఊరు ఎడిసన్‌లో కనబడ్డవాళ్లందరికీ నేను ఇదే చెబుతుంటాను.

మా తాత ఉద్యోగం ఒసాకాలో ఉన్న రోజుల్లో నాయనమ్మ అక్కడి మూలికల వైద్యం నేర్చుకుంది. ఇక్కడ లైసెన్స్ తీసుకుని, డెబ్బై దాటినా వారానికి మూడు రోజులు రోగుల్ని చూస్తుంది. మందడిగితే చాలు, ప్రశ్నలు మొదలు. చెమట పడుతుందా? చల్లనీళ్లు తాగాలనిపిస్తుందా? పెళ్లిచూపుల్లో కూడా అన్ని అడగరు.

మొన్న వేసవిలో అమ్మవాళ్ల నాన్న దత్తాత్రేయ తాతయ్య తెనాలి నుంచి వచ్చాడు. పొద్దున్నే మంచం దిగబోతే పిక్కలు పట్టేసి కేకలు. దానికి సరిగ్గా సరిపోయే జపాన్ మందు ఒకటుంది, షాకుయాకు-కాంజో-తో. ఆ పేరు పలికేలోపే సగం నొప్పి తగ్గుతుంది. ఉన్నవి రెండే వేర్లు, ఒకటి మన అతిమధురం.

"ఒక్క పొట్లం ఇవ్వండి చెల్లెమ్మగారూ."

"ముందు పడుకోండి అన్నయ్యగారూ, పొట్ట చూడాలి."

వియ్యపురాలి ముందు తాతయ్య కొత్త పెళ్లికూతురిలా ముడుచుకుపోయాడు. బీపీ చూస్తే నూట డెబ్బై.

"బీపీ మాత్ర వేసుకుంటున్నారా?"

"రోజూ."

"సూట్‌కేసులో ఇంకేం మందులు తెచ్చుకున్నారు?"

"ఏమీ లేవండీ."

నాయనమ్మ నావైపు చూసింది. వెళ్లి సూట్‌కేసు ఈడ్చుకొచ్చాను. పచ్చళ్ల పక్కన అరకిలో అతిమధురం పుల్లలు! భజనలో గొంతు బాగా పలకాలని రోజంతా నములుతున్నాడట.

"ఇది మందేమిటండీ, గొంతుకి!"

"ఇది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. నా మందులోనూ ఇదే ఉంది. ఇవ్వను."

"అయినవాళ్లకే లేదన్నమాట. తిరుగు టికెట్ ముందుకు జరిపించమ్మా," అన్నాడు తాతయ్య అమ్మతో. అమ్మ ముఖం వాడిపోయింది. నాయనమ్మ మాత్రం ఆ మధ్యాహ్నమే ఆయన్ని కార్లో కూర్చోబెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. రక్తపరీక్షలో పొటాషియం నిజంగానే తక్కువ.

పుల్లలు మాన్పించి, డాక్టర్ మందులు వేయించారు. మూడు వారాలకి తాతయ్య మనవాళ్ల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి, జిలేబీ కూడా తెచ్చాడు. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. పాపం, పుల్లల తప్పేమీ లేదు.

"ఆ రోజే ఒక పొట్లం ఇచ్చేసుంటే ఈ అలకలుండేవి కాదుగా నాయనమ్మా?" అన్నాను.

"ఆ రోజుకి సంతోషించేవారు. వారం తిరక్కుండా ఆస్పత్రిలో పడేవారు. నోరు మూసుకుని జిలేబీ తిను."