తాబేలు పక్కన రాసిన అబద్ధం

ఈ వానాకాలం మొదట్లో నా కూతురు పోయింది. కామెర్లు ముదిరిపోయాయి. డాక్టరు బయటికొచ్చి, "ఇస్‌కే సాథ్ కౌన్ హై?" అని అడిగాడు. ఈ పిల్లతో ఎవరున్నారని. నేను లేచి నిలబడ్డాను. "నానున్నాను బాబూ, తల్లిని" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

ఈ సంగతి ముందుగా ఎందుకు రాస్తున్నానంటే, దాని తల్లిని నేనేనని చెబితే మారు మాట్లాడకుండా నమ్మింది ఆ డాక్టరు ఒక్కడే. ఆ తరవాత ఈ ఊళ్లో చాలామందికి చెప్పుకోవలసి వచ్చింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నేను సిక్కోలు వైపు సముద్రం ఒడ్డు పల్లెలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. రాతలో తప్పులుంటే మన్నించండి. కోపం మాత్రం తప్పు కాదు.

పెళ్ళయ్యాక మా ఆయనతో సముద్రం దాటి హట్ బే అనే దీవి ఊరికి వచ్చాను. ఆయనకు సొంత డింగీ, చేపలు పట్టే చిన్న పడవ, ఉండేది. సునామీ వచ్చిన పొద్దున ఆయన డింగీ కట్టు విప్పడానికి ఒడ్డుకి పరిగెత్తాడు, నేను పిల్లను చంకనేసుకుని కొండ వైపు పరిగెత్తాను. ఆయన రాలేదు. మేమిద్దరం ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చాం. ముందు శిబిరంలో, తరవాత అక్కడి డిగ్నాబాద్ పేటలో ఒక గది అద్దెకు తీసుకుని బతికాం. నేను బజారులో చేపలు అమ్మి దాన్ని పెంచాను. నా పక్కనే, గొడుగు నీడలో, ఐస్ పెట్టె మీద కూర్చుని చదువుకుంది.

దానికి రంగుల పిచ్చి, ఇక్కడే చేపలు పట్టుకునే మా తమ్ముడి డింగీ దగ్గర పట్టుకుంది. ఏటేటా డింగీని ఒడ్డుకి లాగి, అడుగున పట్టిన గుల్లలు గోకి, రంగు వేస్తారు. అన్నీ అయ్యాక, చివర్న ముక్కుకి అటూ ఇటూ రెండు కళ్ళు పెడతారు. మా ఇళ్ళలో ఆ కళ్ళు ఆడపిల్లే పెట్టాలి. పెట్టాక ఇంకెవరూ కుంచె ముట్టకూడదు. చూపు వచ్చినదాని మీద రంగు వేయడం నిద్రలేచిన మనిషి మొహాన ముసుగు కప్పినట్టు అంటారు మావాళ్ళు. నా కూతురు పెట్టిన కళ్ళు బాగుంటాయని జంగ్లీఘాట్ రేవులో వేరేవాళ్ళు కూడా పిలిచేవారు. పెద్దయ్యాక అదే దాని పని అయింది.

రంగులకు దానికి వేరే పేర్లు ఉండేవి. దుకాణంలోకి వెళ్ళి, "భయ్యా, సూర వీపు నీలం కావాలి. చందువ పొట్ట తెలుపు కూడా" అనేది. ఆ దుకాణదారుడు తల కొట్టుకుని, "దీదీ, యే పెయింట్ దుకాన్ హై, మచ్ఛీ మార్కెట్ నహీఁ" అనేవాడు, ఇది రంగుల కొట్టు, చేపల బజారు కాదని. అయినా ఏ డబ్బా ఇవ్వాలో అతనికి తెలిసిపోయేది.

కుంచె వెనక కొన కొరకడం దాని అలవాటు. నా పాత చీరలన్నీ కుంచెలు తుడవడానికే పోయాయి. అన్నం దగ్గర కూర్చుంటే గొడవే.

"ఏటే గుంటా, కంచమంతా కిరసనాయిలు కంపు! సేతులు కడిగినావా నేదా?"

"కడిగినానమ్మా, సబ్బు కే సాథ్ కడిగినాను. నీకాడ చేపల వాసనొస్తే నేనేటైనా అన్నానా?"

ఇప్పుడు కంచం దగ్గర ఏ వాసనా లేదు.

కిందటేడు ఒక సంస్థవాళ్ళు సముద్రం పక్క రోడ్డు పొడవునా ఫైబరు జంతువుల బొమ్మలు నిలబెట్టారు. తాబేలు, మొసలి, కొబ్బరి పీత, సముద్రపు ఆవు, అన్నీ మనిషి ఎక్కి కూర్చునేంత పెద్దవి. ఒక్కోదానికి ఒక్కొక్కరు రంగులు వేయాలి. జనం నడుచుకుంటూ అన్నీ చూస్తారు. ఆఖరున వేలం వేసి, వచ్చిన డబ్బుతో తల్లీ తండ్రీ లేని పిల్లలకు హాస్టలు కడతారు. మంచి పని. నా కూతురికి తాబేలు వచ్చింది. మా పక్కింటి టీచరుగారి అమ్మాయికి సముద్రపు ఆవు వచ్చింది. ఇద్దరూ స్నేహితులు, పక్కపక్కనే కూర్చుని వేశారు.

అందరూ అలలు, కొబ్బరి చెట్లు, జెండాలు వేశారు. నా కూతురు తాబేలు వీపు మీద ఒక్కో గడిలో ఒక్కో వస్తువు వేసింది. నా చేపల గంప. నా కత్తిపీట. అతుకులేసిన నా నల్ల గొడుగు. నేను కట్టుకునే పచ్చ గళ్ళ చీర. తెగిపోతే పిన్నీసు పెట్టుకున్న నా చెప్పు కూడా వదల్లేదు.

"ఓలమ్మ! నా సెప్పేటే దాని మీద? సిగ్గు నేదా నీకు? గవర్నర్లూ అందరూ చూస్తారట!"

"చూడనీ. వాళ్ళకి మాత్రం ఇలాంటి చెప్పు ఎక్కడ దొరుకుద్ది?"

చివర్న కళ్ళు పెట్టింది. డింగీకి పెట్టినట్టే.

ప్రారంభం రోజున నేను వెళ్ళాను. తాబేలు పక్కన ఇనప కడ్డీకి బోర్డు ఉంది. హిందీలో, ఇంగ్లీషులో రాసి ఉంది. నాకు రెండూ చదవడం రాదు. "ఏటి రాసినారే?" అని అడిగాను. నా కూతురు బోర్డు వైపు చూసి, "నా పేరు రాసినారమ్మా" అంది. అంతే చెప్పింది. మొహం ముడుచుకుని నన్ను బజారుకి పంపేసింది. దిష్టి తగిలిందేమో అనుకున్నాను. తరవాత బజారుకి పోతూ వస్తూ ఆ బోర్డు ముందు ఆగి, నా పిల్ల పేరు ఉన్నదని దాన్ని కొంగుతో తుడిచేదాన్ని.

దినాలు అయిపోయాక, ఆ తాబేలు దగ్గరే సంతాప సభ పెట్టారు. కుర్చీలు పెద్దవాళ్ళకి. నేను వెనక చేపలమ్మే ఆడవాళ్ళతో నిలబడ్డాను. సంస్థ మేడమ్‌గారు మైకు పట్టుకుని హిందీలో మాట్లాడారు. సునామీ అమ్మానాన్నలిద్దరినీ మింగేసిన అనాథ బచ్చీ అన్నారు. చనిపోయిన తల్లిని తలుచుకుని ఆమె వస్తువులన్నీ ఈ తాబేలు వీపు మీద గీసుకుంది అన్నారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

అనాథ అన్న మాట హిందీలోనూ అదే. నాకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

నా పక్కనున్న ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, "ఏటప్పా, నిన్ను సంపీసినారు!" అంది.

టీచరుగారి అమ్మాయిని బోర్డు దగ్గరికి లాక్కుపోయి చదవమన్నాను. అది ఏడుస్తూ చదివింది. బోర్డులో కూడా అదే ఉంది. నా కూతురు ఆ రోజే మేడమ్‌గారి దగ్గరికి వెళ్ళి, "మేరీ మా హై, మా అమ్మ బజారులో కూర్చుని ఉంది, రండి చూపిస్తాను" అని దెబ్బలాడిందట. రెండుసార్లు ఆ వరస మీద రంగు పూసేసిందట. రెండుసార్లూ వాళ్ళు మళ్ళీ రాయించారట. నాకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందట.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. శిబిరంలో బియ్యం పంచడానికి వచ్చినవాళ్ళను చూసినప్పటి నుంచీ అది అనే మాట ఒకటుంది. "జాలిపడేవాళ్ళు ముందు మన పేరు అడగరమ్మా. మనకేటి పోయిందో అడుగుతారు." నేను బజారులో తల ఎత్తుకుని కూర్చునే మనిషినని, ఆ తల దించడం ఇష్టం లేక, దెబ్బలాటంతా తానే ఆడింది. అటువంటి పిల్ల నాకు పుట్టినందుకు ఏ దేవుడికి దండం పెట్టాలో తెలియదు. దాన్ని అనాథను చేసినవాళ్ళకు మాత్రం పెట్టను.

మర్నాడు మేడమ్‌గారి ఆఫీసుకి వెళ్ళాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. టీ తెప్పించింది. "మాతాజీ, కథ వింటేనే జనం మనసు కరుగుతుంది. పిల్లలకే కదా మంచి జరిగింది? ఆమె పేరు కూడా పెద్దగా రాయించాం" అంది.

"ఆ పేరు పెట్టింది కూడా నేనే మేడమ్" అన్నాను.

ఆవిడ టీ కప్పు జరిపింది. తాబేలును వేరే దీవిలో హోటలువాళ్ళు కొనుక్కున్నారని, రేపో ఎల్లుండో లారీ వస్తుందని, ఇప్పుడు బోర్డు మార్చడం కుదరదని చెప్పింది. అదే బోర్డు దాంతోపాటు వెళ్తుందట.

చదువుకున్నవాళ్ళు మీలో ఎవరైనా నాకు చెప్పండి. హాస్టలు పిల్లల నోటి దగ్గర కూడు తీసేయమని నేను అనలేదు. వాళ్ళు తినాలి, చదవాలి. కానీ ఆ పిల్లలకు గది కట్టడానికి బతికున్న తల్లిని చంపాలా? చేపలు కోసి పెంచిన తల్లి ఉన్న పిల్ల గీసిన బొమ్మ అంటే జేబులోంచి డబ్బు రాదా? నీళ్ళు తరుముతుంటే దాన్ని మోసిన చెయ్యి ఇది. సముద్రం వదిలేసిన మనిషిని వీళ్ళు రెండు భాషల్లో ముంచేశారు.

తాబేలు వెళ్ళిపోయింది. ఆ హోటలు ఏదో నాకు తెలియదు. అక్కడ బోర్డు ఎలా ఉందో కూడా తెలియదు. మీరెప్పుడైనా అటు వెళ్ళి, గొడుగూ గంపా వీపున మోస్తున్న తాబేలును చూస్తే, ఆ గొడుగు కింద మనిషి ఇంకా ఉందని పక్కవాళ్ళకు చెప్పండి.

లారీ రావడానికి ముందు రోజు పొద్దున్నే, ఇంట్లో మిగిలిన రంగు డబ్బాలు తీసుకుని అక్కడికి వెళ్ళాను. తాబేలుకి కళ్ళు పెట్టేశాక దాన్ని ముట్టకూడదు. బోర్డుకి కళ్ళు లేవు. దాని మీద రాసినదంతా గోకి, టీచరుగారి అమ్మాయి వేలు పెట్టి చూపించిన నా కూతురి పేరు ఒక్కటి ఉంచి, మిగతా అంతటా తెల్ల రంగు వేసి, ఆరేదాకా ఎండలో కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక నల్ల రంగు ముంచి, వచ్చిన తెలుగులోనే రాయడం మొదలుపెట్టాను. వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అరే మాతాజీ! క్యా కర్ రహీ హో? మేరీ నౌకరీ జాయేగీ!" తన ఉద్యోగం పోతుందని మొత్తుకున్నాడు.

"తేరా నౌకరీ గయా తో మేరే పాస్ ఆనా. మచ్ఛీ కాట్నా." పోతే నా దగ్గరికొచ్చి చేపలు కొయ్యమన్నాను.

"ఎవరు రాయమన్నారు?" అన్నాడు హిందీలోనే.

"దీని తల్లి."

"వో తో మర్ గయీ నా?" అన్నాడు. ఆవిడ చచ్చిపోయింది కదా అని.

నేను కుంచె దించి అతని వైపు తిరిగాను. అతను నన్ను చూశాడు, తాబేలు వీపు చూశాడు, మళ్ళీ నా కాళ్ళకున్న చెప్పులు చూశాడు. టోపీ తీసేసి, రెండడుగులు వెనక్కి వేసి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

రాయడం పూర్తి చేశాను. ఈ తాబేలుకి రంగులు వేసింది నా కూతురు, నేను ఉన్నాను, అని. అక్షరాలు వంకరగా వచ్చాయి. అప్పుడే సముద్రం మీంచి సన్నగా వాన మొదలైంది. రంగు ఇంకా పచ్చిగా ఉంది. నేను కొంగు విప్పి, రెండు చేతులతో బోర్డు మీదికి చాపి పట్టుకుని, వాన వెలిసేదాకా అలాగే నిలబడ్డాను.