ఎండకు ఆరేసిన కారు

గుడియాత్తం పాత ఇళ్ళలో ఎర్ర గచ్చు నేలలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని రంగప్ప చేతివి. చూస్తే తెలియదు. అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. తాపీ ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్ళిందో జాడ దొరకదు.

గచ్చు వేసేటప్పుడు అతను గోడవైపు మొదలుపెట్టి, మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా వచ్చేవాడు. ఎర్రరంగు కలిపిన సిమెంటు బిగుసుకోకముందే ఇనుప తాపీతో రుద్ది రుద్ది అద్దంలా తేల్చేవాడు. మధ్యలో లేవడానికి లేదు. ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఇంటివాళ్ళు టీ తెచ్చి గుమ్మం బయట పెట్టి పోయేవాళ్ళు. పని ముగిశాక అది తాగేవాడు. అలా చల్లారిన టీ అతనికి అలవాటైపోయింది. ఇంట్లో కూడా వేడిది ముట్టడు.

తర్వాత టైల్సు వచ్చాయి. మొదట వేలూరుకు, ఆ తర్వాత గుడియాత్తానికి, చివరికి అణైకట్ పక్క పల్లెలకు కూడా. అట్టపెట్టెల్లో వచ్చి దిగేవి. రంగప్ప వాటిని తిట్టలేదు. ఒకటి చేతిలోకి తీసుకుని, నిమిరి చూసి, "బాగానే ఉండాది" అన్నాడు. అతనికి మాత్రం పని లేకుండా పోయింది.

హోసూరులో టైల్సు పరిచే గుంపు ఒకటి అతన్ని రమ్మంది. సిమెంటు కలిపి అందించాలి. అక్కడే రేకుల షెడ్డులో పడుకోవాలి. ఇంటికి ఎప్పుడో ఒకసారి రావడం. రంగప్పకు పోవాలని లేదు. సాయంత్రం అరుగు మీద భార్య అంబుజం అగ్గిపెట్టెల అట్టలు మడిచి అంటిస్తుంటే, ఆమె పక్కన కూర్చుని చల్లారిన టీ తాగాలి. యాభై దాటిన ఆ మనిషికి అంతకంటే పెద్ద కోరిక ఉన్నట్టు ఎవరూ చూడలేదు.

అప్పుడే అక్క కొడుకు జీవా కబురు పెట్టాడు. జీవాకు వేలూరులో, కాట్పాడి రోడ్డు మీద చిన్న అంగడి ఉంది. బండ్లకు స్టిక్కర్లు, కారు అద్దాలకు నల్ల కాగితం అంటించే పని.

"మామా, ఒక పని వచ్చింది. నీ చెయ్యి కావాల. బాగా కుదిరితే నా దగ్గరే ఉండిపో. కుదరకపోతే హోసూరు యాడికీ పోదులే."

పని ఒక కారుది. కాంట్రాక్టరు రంగరాజులు మద్రాసు నుంచి తెల్లటి స్పోర్ట్స్ కారు తెప్పించుకున్నాడు. ఒకప్పుడు రంగప్పతోపాటు సైట్లలో ఇటుకలు మోసిన మనిషి. ఇప్పుడు కాలేజీలు కడుతున్నాడు. ఆ రోజుల్లో షెడ్డు గోడకు, క్యాలెండరులోంచి చించిన ఇట్లాంటి కారు బొమ్మ అంటించుకునేవాడు. అన్నం తింటూ దాన్నే చూసేవాడు.

కారైతే వచ్చింది, దానికి తగిన రోడ్డు ఇంకా రాలేదు. బెంగుళూరు రోడ్డును వెడల్పు చేస్తున్న రోజులవి. ముందు పోయే లారీల్లోంచి కంకర ఎగిరి పడేది. అందుకే కారు ముందుభాగానికి రంగు లేని పొర ఒకటి వేయించాలనుకున్నాడు. దెబ్బ పొరకే తగులుతుంది, కింద రంగుకు ఏమీ కాదు. వేసినట్టు మాత్రం కనబడకూడదు. జీవా మద్రాసు పోయి ఆ పని చూసి వచ్చాడు. విదేశాల నుంచి వచ్చే ఆ పొర ఒక్క చుట్ట తెచ్చుకున్నాడు. కారుకు సరిగ్గా సరిపోతుంది. తప్పు జరిగితే మళ్ళీ వేయడానికి మిగలదు.

ముందు ఒక పాత అంబాసిడర్ తలుపు మీద చిన్న ముక్కతో చేసి చూశారు. సబ్బునీళ్ళు చల్లి, పొర పరిచి, రబ్బరు బిళ్ళతో నీటిని అంచులకు తోసెయ్యాలి. రంగప్ప ఒకసారి చూశాడు. రెండోసారి తనే చేశాడు.

"ఇది గచ్చే కదరా."

"గచ్చు కాదు మామా, ప్లాస్టిక్కు."

"ఏదైనా కానీ. కింద గాలి నిలవకూడదు, పైన గీత పడకూడదు. అంతే కదా?"

"అంతే."

"మరి గచ్చే."

కారు వచ్చేసరికి దానికి పూజ అయిపోయి ఉంది. బానెట్ నడుమ పసుపు ఎండిపోయి ఉంది. రంగరాజులు తల్లి పుష్పవతమ్మ మూడు వేళ్ళతో గీసిన మూడు గీతలవి.

"అమ్మ పెట్టింది" అన్నాడు రంగరాజులు. "నేను తుడిస్తే మా ఇంట్లో నాకు అన్నం పుట్టదు. తుడవకపోతే రంగు పోతాదని భయం. మీరే ఏమైనా చేసుకోండప్పా."

"రెండే సీట్లు కదన్నా," అన్నాడు రంగప్ప, "అమ్మ యాడ కూర్చుంటాది, వదిన యాడ కూర్చుంటాది?"

"అమ్మ కూర్చున్నాది. మీ వదిన ఇంతవరకూ దీని మొహం చూడలా."

అతను పోయాక జీవా బకెట్టు, గుడ్డ తెచ్చి పెట్టాడు. "సబ్బు పెట్టి బాగా కడుగు మామా. వేలు పెట్టి లాగితే కీచుమనాల."

రంగప్ప చక్రాలు కడిగాడు, తలుపులు కడిగాడు. బానెట్ చుట్టూ కడిగాడు. పసుపు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. చక్రాలు తుడిచిన గుడ్డ అది. బకెట్టులో ఉన్నవి ఆ నీళ్ళే. గుడ్డ పక్కన పడేసి, భుజం మీది తుండు తీసుకుని, కుళాయి కింద మంచినీళ్ళతో తడిపాడు. వేలితో పసుపును తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత మెల్లగా తుడిచాడు. తుండు పచ్చబడింది. బానెట్ తెల్లగా కనబడింది.

పొర కింద చల్లే నీళ్ళలో మద్రాసులో చంటిపిల్లల షాంపూ కలిపారట. జీవా బట్టలసబ్బు కలిపాడు. జారడమే కదా కావలసింది అనుకున్నాడు. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని పొరను బానెట్ మీదికి దించారు. తర్వాత రంగప్ప బిళ్ళ అందుకున్నాడు. నడుమ నుంచి అంచుకు, మళ్ళీ నడుమ నుంచి అంచుకు. జీవా ఏదో అడిగాడు. రంగప్ప పలకలేదు. ఎదురుగా ఉన్న టీ అంగడి అణ్ణామలై టీ తెచ్చి గట్టు మీద పెట్టిపోయాడు. అది చల్లారింది.

పని ముగిశాక పొర ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. రంగప్ప టీ గ్లాసు అందుకున్నాడు.

"మామా," అన్నాడు జీవా, "నీ చెయ్యి ఏమైనా తెగిందా?"

రంగప్ప తన వేళ్ళు తిప్పి చూసుకున్నాడు. ఏమీ లేదు. బానెట్ వైపు చూశాడు. పొర కింద, తెల్లటి రంగు మీద, మూడు గీతలు తేలుతున్నాయి. ముందు గులాబి నీడలా ఉన్నాయి. చూస్తుండగానే ఎర్రబడ్డాయి.

"ఎన్న మామా ఇది? ఆయమ్మ పెట్టింది పసుపు కదా. ఎరుపు యాడినుంచి వచ్చింది? సబ్బు పెట్టి కడగలేదా?"

"ఆ ఒక్కచోట పెట్టలేదు."

"ఎందుకు?"

"చక్రాలు తుడిచిన గుడ్డరా అది. దాంతో ఎట్లా తుడిచేది?"

జీవా బకెట్టు పక్కన పడి ఉన్న గుడ్డ వైపు చూశాడు. "నేనైనా తుడిచుండను" అన్నాడు. పొర లాగేస్తే పాడైపోతుంది. రంగరాజులు వచ్చేది ఎల్లుండి.

ఆ సాయంత్రం ఇంటికి పోయే రైల్లో రంగప్ప కిటికీ పక్కన కూర్చున్నాడు. లత్తేరిలో ఎవరో మామిడికాయల బుట్ట ఎక్కించారు. హోసూరులో ఆ షెడ్డు ఎట్లా ఉంటుందో అనుకున్నాడు. కిటికీ ఉంటుందో లేదో.

ఇంట్లో అంబుజం అతని భుజం మీది తుండు లాగి చూసింది. "ఏంది ఇంత పసుపు? ఎవరి పెళ్ళికి పోయొచ్చినావు?"

జరిగింది చెప్పాడు. ఆమె తుండును రాయి మీద పరిచి సబ్బు రుద్దింది. పచ్చటి మరక ఆమె చేతి కింద ఎర్రగా మారింది. రంగప్ప లేచి దగ్గరికి వచ్చాడు.

"ఇదేనా నువ్వు చూసింది?"

"ఇదే."

"ఇన్నేళ్ళుగా నీ పంచెలు ఎవరు ఉతికినారు?"

"నువ్వే."

"శుభకార్యానికి పోయొచ్చిన పంచె మీద పసుపు యాడికి పోతాదని ఒక్కరోజైనా అడిగినావా?"

"యాడికి పోతాది?"

"ఎండకు పోతాది. ఉతికేది సగం, ఎండేది సగం."

"అది పంచె కాదే, కారు."

"కారుకని వేరే సూర్యుడు ఉన్నాడా?"

మరునాడు మామా మేనల్లుడూ కారును అంగడి ముందు ఖాళీ జాగాలోకి తోశారు. "మద్రాసులో నీడలోనే పెట్టమన్నారు మామా" అన్నాడు జీవా, తోస్తూనే.

"మద్రాసు కారుకు ఎవరూ పసుపు పెట్టలేదు కదా."

వేలూరు ఎండను తిట్టని మనిషి ఉండడు. రంగప్ప ఆ రోజు తిట్టలేదు. స్టూలు వేసుకుని, గొడుగు పట్టుకుని, కారు పక్కన కూర్చున్నాడు. గొడుగు నీడ బానెట్ మీద పడకుండా జరుగుతూ వచ్చాడు.

అణ్ణామలై రోడ్డు దాటి వచ్చాడు. "ఏం రంగప్పా, వడియాలు ఎండబెట్టినావా? కాకులకు కాపలానా?"

"ఆమా, కాకులకే. ఒక కాకి టీ గ్లాసు పట్టుకుని వచ్చేసింది."

మధ్యాహ్నానికి ఎరుపు పోయి మళ్ళీ పసుపు అయింది. పొద్దుగూకేసరికి ఎండుగడ్డి రంగు. తెల్లవారి మళ్ళీ ఎండలోకి తోశారు. జీవా వంగి చూసి, "నాకేమీ కనబడలేదు" అన్నాడు.

"నాకు కనబడతాది."

"నువ్వు చూడొద్దు మామా."

అయినా రంగప్ప లేవలేదు. తనకు కూడా కనబడకుండా పోయేదాకా కూర్చున్నాడు.

సాయంత్రం రంగరాజులు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. బానెట్ మీద అరచెయ్యి జరిపి, "పొర వేసినారా లేదా?" అన్నాడు. జీవా అంచు చూపించాడు. పుష్పవతమ్మకు పొరతో పని లేదు.

"నేను పెట్టిన బొట్టు యాడప్పా?"

కడిగేశాం అనవచ్చు. జీవా ఆ మాట కోసమే మామ వైపు చూశాడు.

"నేను సరిగ్గా తుడవలేదమ్మా" అన్నాడు రంగప్ప. "చక్రాల గుడ్డతో తుడవడానికి మనసొప్పలా. వట్టి నీళ్ళతో తుడిచినా. పొర కింద మిగిలిపోయి, సబ్బు తగిలి ఎర్రబడింది. ఎండలో పెట్టి పోగొట్టినాం."

"చీరకు చేసినట్టా?"

"చీరకు చేసినట్టే."

ముసలామె నవ్వింది. కొడుకు నవ్వలేదు. "యాడ?" అన్నాడు. రంగప్ప వేలు పెట్టి చూపించాడు. రంగరాజులు ప్యాంటు లెక్క చేయకుండా నేల మీద మోకాలు ఆనించి, కన్ను బానెట్ అంచుకు ఆనించి చూశాడు. ఒకప్పుడు గచ్చు సాపుగా ఉందో లేదో ఇద్దరూ అట్లాగే చూసేవాళ్ళు. చాలాసేపు చూశాడు.

"ఏమీ లేదే."

"లేదన్నా."

"మా ఇంటి నడవ లాగుండాది" అని మోకాలు దులుపుకుంటూ లేచాడు. ఆ నడవ గచ్చు రంగప్ప వేసిందే.

"ఇంక నేను బొట్టు పెట్టొచ్చా?" అని పుష్పవతమ్మ రంగప్పనే అడిగింది. "రంగు పోతాదని వీడు నా చెయ్యి పట్టుకుంటాడు."

"పెట్టమ్మా. ఎన్ని శుక్రవారాలైనా పెట్టు. కింద రంగుకు ఏమీ కాదు."

"సరిపోయింది" అన్నాడు రంగరాజులు. "నేను కంకరకని వేయిస్తే అది అమ్మ పసుపుకు పనికొచ్చింది."

ఆమె చేతిసంచిలోంచి చిన్న భరిణె తీసింది. అదే చోట మూడు గీతలు గీసింది. తల్లిని పక్క సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేయబోతూ రంగరాజులు ఆగాడు. "జీవా, ఆంబూరులో నా స్నేహితుడి కారు ఒకటి ఉండాది. పంపిస్తా. ఈయన ఉంటాడు కదా?"

జీవా మామ వైపు చూశాడు. రంగప్ప తల ఊపాడు.

"ఉంటాడన్నా."

గుడియాత్తం చేరేసరికి దీపాలు పెట్టారు. అంబుజం అరుగు మీద అట్టలు మడుస్తూ ఉంది. అతని మొహం చూసి, "హోసూరువాళ్ళకు ఏం చెప్పమంటావు?" అని మాత్రం అడిగింది.

"రానని చెప్పు."

తీగ మీద తుండు ఆరి గరగరలాడుతోంది. రంగప్ప దాన్ని తీసి, వెలుతురుకు పట్టి, పసుపు అంటిన చోటు కోసం వెతికాడు. దొరకలేదు. భుజం మీద వేసుకుని, అంబుజం పక్కన కూర్చున్నాడు. ఆమె టీ తెచ్చి పెట్టింది. అది చల్లారేదాకా ఇద్దరూ అట్టలు మడిచారు.