కృపానందంగారి మారుటేపు

కృపానందంగారి దృష్టిలో ఏ వస్తువైనా ఒకటే ఉంటే లేనట్టే. చేతిలో గొడుగుంటే చంకలో ఇంకో గొడుగు. ముక్కు మీద కళ్ళజోడుంటే జేబులో ఇంకోటి. భవానీపురంలో ఆయన ఇంటి మారుతాళం చెవి పక్కింట్లో ఉండేది. పక్కింటివాళ్ళు ఊరెళితే ఎలా అని ఇంకోటి ఎదురింట్లో. “ఇది పోతే?” అన్నది ఆయన ఊతపదం. పెళ్ళికి ఉంగరాలు కూడా రెండు జతలు పట్టుకెళితే పాస్టరుగారు కంగారుపడి, “అమ్మాయి మాత్రం ఒకతేగా, నాయనా?” అని అడిగారట.

జీవరత్నం ఎరువుల కంపెనీలో చేరిన రోజే ఇవన్నీ వింది. కంప్యూటరు గదికి కృపానందంగారే పెద్ద. మనిషి చూస్తే చీపురుపుల్ల. మధ్యాహ్నానికి మాత్రం రెండు క్యారేజీలు తెచ్చేవారు, సాయంత్రానికి రెండూ ఖాళీ. “తిండిపోతుల్లో ఇంత సన్నటివాణ్ణి ఎక్కడా చూళ్ళేదు” అని ఆఫీసంతా నవ్వుకునేది. అటెండరు ఏసుపాదం ఒక్కడే ఏమీ అనేవాడు కాదు.

అది డెబ్బై తొమ్మిది వేసవి. డెల్టా రైతుల పేర్లు, ఎవరికెన్ని ఎరువు బస్తాలో, అంతా కంప్యూటరులోకి ఎక్కించారు.

“ఇది పోతే?” అన్నారు కృపానందంగారు. నకలు దాచుకోవడానికి టేపు యంత్రం కావాలన్నారు.

“కొనండి. కానీ చౌకగా ఉండాలి, గట్టిగానూ ఉండాలి,” అన్నారు మేనేజరు వెంకటకృష్ణారావుగారు.

“ఆ రెండూ కుదిరింది రుబ్బురోలుకేనండీ. అయినా చూస్తాను.”

మద్రాసు నుంచి టేపు యంత్రాలమ్మేవాళ్ళు ముగ్గురు వచ్చారు. మొదటివాడి యంత్రం తళతళలాడుతోంది, దానికి ఎప్పుడూ ఏసీ నడుస్తూ ఉండాలట.

“కరెంటు పోతే?”

అతను, “పోనివ్వకూడదండీ,” అన్నాడు. బెజవాడలో, మే నెలలో ఆ మాటన్నందుకు జాలిపడి మజ్జిగిచ్చి సాగనంపారు. రెండోవాడిది కారుచౌక. అది పెట్టిన టేపును పెట్టినట్టే నమిలేసింది. మూడోవాడిది బీరువాకి తమ్ముడిలా ఉంది, అందం లేదు గాని చక్కగా రాసింది.

“రాయడం సరేనండీ. రాసింది చదివించండి.”

చదివించాడు. అయినా కృపానందంగారు ఆ టేపును డబ్బాలో పెట్టి, గుడ్డసంచిలో వేసుకుని కంకిపాడు బస్సెక్కారు. సాయంత్రం దుమ్ము కొట్టుకుని దిగి, “ఇప్పుడు చదివించండి,” అన్నారు.

“ఇదేం పరీక్షండీ బాబూ!” అని మొత్తుకున్నాడు మూడోవాడు.

“మా మారుటేపు ఉండేది కంకిపాడులో మా అక్క సంపూర్ణమ్మ ఇంట్లోనండీ. తాళంచెవీ మారుచెవీ ఒకే చూరులో పెట్టుకుంటే ఇల్లంటుకున్న రోజున ఏం లాభం?”

టేపు తడబడకుండా చదివింది. బేరం కుదిరింది. అప్పట్నించీ ప్రతి శనివారం రెండు నకళ్ళు తీసేవారు. ఒకటి ఆఫీసు బీరువాలో, రెండోది కంకిపాడులో, ఆవకాయ జాడీల పక్కన.

కాలవలకు నీళ్ళొదిలారు. ఎరువుల పంపిణీకి ఇంక ఒక్క రోజే ఉంది. ఆ పొద్దున జీవరత్నం ఒక మీట బదులు ఇంకో మీట నొక్కింది. రైతుల పేర్లన్నీ చెరిగిపోయాయి. పరుగున వెళ్ళి బీరువాలోని టేపు తెచ్చి యంత్రానికి ఎక్కించింది. టేపులో ఉన్నది కంప్యూటరులోకి తెచ్చుకోవాల్సింది పోయి, కంగారులో కంప్యూటరులోని ఖాళీని టేపు మీదికి రాయించింది. ఉన్న నకలూ పోయింది.

“ఈ గదిలో పొరపాటు చేసినవాళ్ళు ఆ సాయంత్రమే ఇంటికి,” అనేవారు మేనేజరుగారు. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో తల్లికీ చెల్లెలికీ ఆ ఉద్యోగమే ఆధారం. కృపానందంగారు వచ్చేసరికి ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది.

అంతా విని ఆయన అడిగింది ఒకటే. “పొద్దున్నించీ ఏవన్నా తిన్నావామ్మా?”

“లేదండీ.”

రెండో క్యారేజీ తీసి ఆమె ముందు పెట్టారు. “ఏడుపు ఎక్కడికీ పోదు. పప్పు చల్లారిపోద్ది. ముందు తిను.”

“మరి మీరండీ?”

“నాది నాకుందిగా,” అంటూ గొడుగులు తీసుకుని కంకిపాడు బస్సుకు బయల్దేరారు.

గుమ్మంలో ఏసుపాదం నవ్వాడు. “నిన్న అది నేను తిన్నానమ్మా. మొన్న మన గేటు ముందుండే రిక్షా జక్కయ్య.” జీవరత్నం కళ్ళు తుడుచుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆయన తెచ్చిన టేపు ఘాటుగా ఆవకాయ వాసన కొడుతోంది. అయినా ఒక్క పేరు తప్పకుండా చదివింది. శనివారం తర్వాత చేరిన పేర్లు కాగితాలు చూసి ఇద్దరూ కూర్చుని మళ్ళీ కొట్టారు. పని పూర్తయ్యేసరికి మేనేజరుగారు తొంగిచూశారు.

“ఏంటండీ, గదంతా ఆవకాయ?”

“మారుటేపుని పరీక్షించామండీ.”

“పాసయిందా?”

“ఫస్టు క్లాసులోనండీ.”

మేనేజరుగారు వెళ్ళాక జీవరత్నం, “ఆ రోజు టేపుని బస్సెక్కించి మరీ పరీక్ష పెట్టింది ఇందుకాండీ?” అంది.

“యంత్రం తప్పు చేస్తే కంపెనీవాడు గ్యారంటీ ఇస్తాడమ్మా. మనిషి తప్పు చేస్తే ఎవరిస్తారు?” అన్నారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆ మాటకి ఆమెకి మళ్ళీ ఏడుపొచ్చింది గాని, ఈసారి హాయిగా ఉంది.

మర్నాడు జీవరత్నం రెండు క్యారేజీలతో వచ్చింది. కృపానందంగారి మొహం వెలిగిపోయింది. “ఒకటి పోతుందనేగా?”

“కాదండీ. ఎవరైనా తినకుండా వస్తారని.”

ఆయన గబగబా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “నెమ్మదిగా, అమ్మా! తిండిపోతునని కష్టపడి పేరు తెచ్చుకున్నాను, చెడగొట్టకు.”