ఓదిల్ కోడికూరకు వచ్చిన దొంగ వైన్

ఫ్రాన్సులో జూరా కొండల్లోని ఒక ఊళ్లో, అగ్నిమాపక దళం వారి డిసెంబరు విందుకు ముప్పై ఒక్క ఏళ్లుగా కోడి వండేది ఓదిలే. బతుకుతెరువుకు ఆవిడ చేసింది వేరే పని. బండిచక్రాలంత కోంతే చీజ్ దిమ్మలకు ఉప్పు రుద్దీ రుద్దీ చేతులు అరగదీసుకుంది. మధ్యలో మొగుడూ పోయాడు. ఊరికి మాత్రం ఓదిల్ అంటే కోడికూరే. కోడి, అడవి పుట్టగొడుగులు, చిక్కటి మీగడ, వాటి మీద పసుపు రంగు వైన్. తెల్ల ద్రాక్షతో చేసి, పీపాలో ఆరేళ్లకు పైగా ముట్టుకోకుండా, తరిగినా నింపకుండా వదిలేసే వైన్ అది. బిరడా తీస్తే చాలు, వాల్‌నట్ పప్పూ వేయించిన మెంతులూ కలిసిన వాసన గుప్పుమంటుంది.

ఓదిల్‌ది ఒకటే పట్టు. బల్ల మీదికి ఏ వైనో గిన్నెలోకీ అదే. ప్రతి సీసాలోనూ సగం గిన్నెకు, సగం తినేవాళ్లకు. లేకపోతే వండనే వండదు.

ఈ ఏడు విందు ఏర్పాట్లన్నీ దళంలోని రెమీవి. నిండా నలభై ఏళ్లు లేవు, నోరు మాత్రం నాలుగూళ్లకు సరిపోతుంది. సీసాలు తనే తెచ్చి వంటింట్లో పెట్టాడు. పొట్టిగా, భుజాలు వెడల్పుగా, చూడగానే పసుపు వైన్ సీసాలే. కోళ్లు వెన్నలో ఎర్రగా వేగాయి. హాల్లో తొంభై మంది కూర్చున్నారు. ఓదిల్ మొదటి సీసా తెరిచి వంచబోయి ఆగిపోయింది. వాసనే లేదు! రెండోది తీసింది, మూడోది తీసింది. చుక్క నాలుక మీద వేసుకుంది. ఉత్త పుల్లనీళ్లు. పాత సీసాల్లో ఏదో చవక తెల్ల వైన్ నింపి బిరడాలు కొట్టి తెచ్చాడు మహానుభావుడు!

"రెమీ! ఒకసారి ఇలా తగలడు!"

"ఏంటండీ ఓదిల్ గారూ, కోడి లేచి పారిపోయిందా?" అంటూ నవ్వుకుంటూ వచ్చాడు.

"కోడి కాదు, నీ సిగ్గు పారిపోయింది. ఏంటిది?"

నవ్వు ఆగింది. "అబ్బ, మెల్లగా అనండి. ఎలాగూ మరిగిపోయేదేగా. మీగడలో కలిశాక ఎవడికి తెలుస్తుంది?"

"మరి అసలువేవి?"

"ముందు బల్ల మీద పెట్టించానండీ. జిల్లా నుంచి పెద్దవాళ్లొచ్చారుగా."

ఓదిల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఓహో! పెద్దవాళ్ల గ్లాసుల్లోకి అసలుది, ఊరోళ్ల కూరలోకి పుల్లనీళ్లా! ఇళ్లంటుకుంటే పరిగెత్తుకొచ్చేది ఆ పెద్దవాళ్లేనట్రా?"

"ఈసారికి కానివ్వండి. మీ చెయ్యి పడితే ఏదైనా అమృతమే."

"ఆ వెన్న నాకు పూయకు!" అని పొయ్యి కట్టేసి, సీసా పట్టుకుని హాల్లోకి నడిచింది.

"వినండి! లోపల వెన్నలో వేయించిన కోడి ఉంది. బాగానే ఉంటుంది, తినండి. కానీ ఓదిల్ కోడికూర తిన్నామని ఎవరికీ చెప్పకండి. దానికి రావాల్సిన వైన్ ఆ ముందు బల్ల మీద కూర్చుంది. నాకిచ్చింది ఇదీ!"

ద్రాక్షతోటల్లో ముసలివాడైన అనతోల్ తాత ఆ సీసా అందుకుని ఒక గుక్క తాగాడు. కోంతే ముక్క కొరికి మళ్లీ తాగాడు. మొహం చిట్లించాడు. "ఇంత మంచి చీజ్ పక్కన దీన్ని పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయిరా రెమీ?"

ముందు బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకరు లేచి తన సీసా తెచ్చి ఓదిల్ చేతిలో పెట్టాడు. మిగతావాళ్లూ తెచ్చారు. అరగంట ఆలస్యంగా, వాసన హాలంతా కమ్ముకుంటూ కోడికూర వచ్చింది. అందరూ తినడంలో పడ్డారు.

అందరూ వెళ్లాక రెమీ వంటింట్లోకి తల వంచుకుని వచ్చాడు. "తప్పయిపోయిందండీ. వచ్చే ఏడు అన్నీ అసలువే తెస్తాను, ఒట్టు."

"తే. నేనూ వండుతాను," అంది ఓదిల్, గిన్నె తోముతూనే. "కానీ ప్రతి సీసా మూతి దగ్గరా ముక్కు పెట్టి చూశాకే పోస్తాను. ముప్పై ఒక్క ఏళ్లలో నాకా అవసరం రాలేదురా. సొంత ఊరోళ్లు తెచ్చిన సీసాని అనుమానించే గతి పట్టించావు నాకు."